భయపెట్టని గొంతు కావాలి



చీకటి కథ ఒకటి శ్రవ్య నాటకంగా తీయబోతున్నాం, గొంతులు కావాలి అని నలుగురి చెవినా వేస్తే చాలు, వచ్చేవాళ్ళలో సగం మంది గొంతు బొంగురు చేసుకునే వస్తారు. గుమ్మంలో చూస్తే చక్కటి మనుషులు. "టీ తాగుతారా అండీ" అంటే "వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను" అంటారు, నిమ్మళంగా. అదే మనిషిని మైకు ముందు నిలబెట్టి కాగితం చేతికిస్తే ఛాతీలోంచి ఒక గరగర, పళ్ళ సందుల్లోంచి ఒక బుస, వాక్యం చివర ఒక వికటాట్టహాసం. ఆ నవ్వు మాత్రం తప్పనిసరి. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్ళం కదా, మాంత్రికుడు నవ్వకపోతే మనకి తోచదు. వాళ్ళని తప్పు పట్టను. కాకపోతే మాకు కావలసింది "ఇప్పుడే తాగొచ్చాను" అన్న గొంతు. దాన్ని బయటే వదిలేసి లోపలికి వస్తున్నారు, అదీ నా బాధ.

మా నాటకం ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. ఇప్పటికి అరవై ఏళ్ళ తర్వాత గోదావరి ఒడ్డున ఒక ఊరు. నదిలో నీళ్ళున్నాయో లేవో ఎవరికీ తెలియదు, గట్టు దాటి పోనివ్వరు. లౌడ్‌స్పీకర్‌లో ఇంటి నంబరు పిలిస్తే బిందెలు పట్టుకుని వెళ్ళాలి. కొన్నాళ్ళకి ఊరివాళ్ళు గమనిస్తారు, కొన్ని ఇళ్ళవాళ్ళు వెళ్ళడమే గాని తిరిగి రావడం లేదని. అయినా నంబరు పిలిస్తే వెళ్తూనే ఉంటారు, దాహం కాబట్టి. దెయ్యం లేదు, రాక్షసుడు లేడు. ఒక నాయనమ్మ, ఆవిడ మనవడు, నీళ్ళు వదిలే మనిషి, ఆ లౌడ్‌స్పీకర్‌లో గొంతు. వీటిలో కష్టమైన వేషం ఏదనుకుంటున్నారు? ఆ లౌడ్‌స్పీకర్ గొంతే. దానికి కోపం లేదు, కుట్ర లేదు. నంబర్లు చదవడం, ఎన్ని బిందెలో చెప్పడం, అంతే పని. దాన్ని భయంకరంగా చదివితే మొదటి నిమిషంలోనే కథ అయిపోయినట్టు. అంత భయపెట్టే గొంతు పిలిస్తే బిందె పట్టుకుని ఎవరు వెళ్తారు చెప్పండి?

అసలు రేడియో నాటకం పుట్టడమే చీకట్లో పుట్టింది. 1924 జనవరి 15న లండన్ నుంచి బీబీసీ ఒక చిన్న నాటకం వినిపించింది. రాసినవాడు రిచర్డ్ హ్యూస్, పేరు 'డేంజర్'. ప్రత్యేకంగా రేడియో కోసమని రాసిన నాటకాల్లో తొలిదిగా దాన్ని చెప్పుకుంటారు. వేల్స్‌లో ఒక బొగ్గుగని చూడటానికి వెళ్ళిన ముగ్గురు మనుషులు, ఉన్నట్టుండి దీపాలారిపోతాయి, నీళ్ళు పైకొస్తుంటాయి. వినేవాళ్ళని కూడా ఇంట్లో దీపాలార్పుకుని వినమన్నారు. ఆ ముగ్గురూ ఎవరో చూడండి: ఒక కుర్రవాడు, ఒక అమ్మాయి, ఒక పెద్దాయన. చీకట్లో ఎవరు మాట్లాడుతున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు, గొంతే చెప్తుంది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, సగం నాటకాలు ఇక్కడే దెబ్బతింటాయి. ఒకే వయసున్న, ఒకే స్థాయిలో పలికే ముగ్గుర్ని తీసుకుంటారు. ముగ్గురూ మంచి నటులే. తీరా రికార్డు చేశాక ఎవరెవరో తెలియదు. అప్పుడు రచయితని పిలిచి పేర్లు ఇరికించమంటారు. "ఏమిటి రాఘవరావూ, అలా కిటికీ దగ్గర నిలబడిపోయావేమిటి రాఘవరావూ" అని మన రేడియో నాటకాల్లో మాటిమాటికీ పేరు పెట్టి పిలుచుకునేది అందుకే. నిజం మనుషులు అలా పిలుచుకోరు, ముఖ్యంగా మొగుడూ పెళ్ళాలు! కాబట్టి ఒక్కొక్కర్నే విని 'బాగుంది' అనుకుంటే చాలదు. ఇద్దరేసి చొప్పున నిలబెట్టి, మనం కంట్రోల్ రూమ్ అద్దానికి వీపు పెట్టి వినాలి. ఆకాశవాణిలో నాటక కళాకారులకి ఆడిషన్ పెట్టి బీ, బీ హై, ఏ, టాప్ అని గ్రేడులిస్తారు. ఆ గ్రేడు మనిషి పనితనం చెప్తుంది. పక్కనున్న గొంతుతో పొత్తు కుదురుతుందో లేదో మాత్రం చెప్పదు. అందుకే మా నాయనమ్మ వేషానికి టాప్ గ్రేడు గొంతు ఉన్నా తీసుకోలేకపోయాం. లౌడ్‌స్పీకర్ గొంతుకి ఆవిడ గొంతు మరీ దగ్గర.

ఇక భయం సంగతి. దీనికి 1938 అక్టోబర్ 30 ఆదివారం రాత్రి న్యూయార్క్ సీబీఎస్ స్టూడియోని మించిన పాఠం నాకు కనపడలేదు. అంగారకుడి నుంచి వచ్చినవాళ్ళు భూమి మీద పడే హెచ్.జి. వెల్స్ నవల 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'ని హవార్డ్ కోచ్ రేడియోకి వార్తల రూపంలో రాశాడు, ఆర్సన్ వెల్స్ నడిపించాడు. అప్పటికి ఆర్సన్ వెల్స్ వయసు ఇరవై మూడు. 'డేంజర్' రాసేనాటికి హ్యూస్ వయసూ అంతే, అదో వింత. ఆ రాత్రి దేశమంతా వీధుల్లోకి పరిగెత్తిందన్న కథ మర్నాటి పేపర్లు పెంచి రాసింది. కొందరు నిజంగానే భయపడ్డారు, అంతవరకు నిజం. అసలు ఆ సమయంలో ఎక్కువమంది ఇంకో స్టేషన్‌లో ఎడ్గర్ బెర్గెన్ కార్యక్రమం వింటున్నారు. బెర్గెన్ పెదవులు కదపకుండా చేతిలో బొమ్మ చేత మాట్లాడించేవాడు. రేడియోలో! పెదవులు కదిలాయో లేదో ఎవడు చూడొచ్చాడు? గొంతులో పస ఉంటే జనం అదీ వింటారన్నమాట.

పేపర్లు చెప్పిన కథ పక్కన పెట్టి, ఎవరికి ఏ వేషం ఇచ్చారో చూద్దాం. పొలంలో పడిన గొట్టంలాంటి వస్తువు దగ్గర నిలబడి వివరాలు చెప్పే విలేకరి కార్ల్ ఫిలిప్స్ వేషం ఫ్రాంక్ రీడిక్‌కి ఇచ్చారు. ఈ రీడిక్ ఎవరో తెలుసా? అంతకుముందు 'ది షాడో' అనే ధారావాహికలో గొంతు ఆయనదే. అందులో ఒక నవ్వు ఉండేది, చీకట్లోంచి వచ్చే నవ్వు. అమెరికా రేడియోలో అంత పేరుమోసిన భయంకరమైన నవ్వు ఇంకొకటి లేదు. తర్వాత ఆ వేషం వెల్స్‌కే వచ్చింది గాని, మొదట్లో వినిపించే నవ్వు మాత్రం రీడిక్‌దే వాడేవారని చెప్తారు. అంతటి నవ్వున్న మనిషి చేతిలో ఉండి కూడా ఆ రాత్రి ఆయన్ని నవ్వనివ్వలేదు. విలేకరి వేషం ఇచ్చారు.

రీడిక్ ఏం చేశాడంటే, అంతకు ముందు ఏడాది 1937 మే 6న న్యూజెర్సీలో లేక్‌హర్స్ట్ దగ్గర హిండెన్‌బర్గ్ విమాననౌక కాలిపోయినప్పుడు హెర్బర్ట్ మారిసన్ అనే రేడియో మనిషి అక్కడే నిలబడి రికార్డు చేసిన వ్యాఖ్యానం తెప్పించుకుని మళ్ళీ మళ్ళీ విన్నాడు. మారిసన్ మామూలుగా మొదలుపెడతాడు. వాతావరణం, తాళ్ళు, జనం. మంట లేచాక ఒక్కసారి గొంతు పైకి లేచి చెదిరిపోతుంది. ఏడుపు వస్తుంటుంది, అయినా పని ఆపడు, వివరం చెప్తూనే ఉంటాడు. రీడిక్ పట్టుకున్నది అదే. ఏడవడం ఎవరైనా ఏడుస్తారు. ఏడుపుని లోపలికి తోసుకుంటూ, పక్కన ఏముందో ఎన్ని అడుగులుందో చెప్పడం ఉద్యోగస్తుడి గొంతు. ఆ ఉద్యోగం తెగిన చోట వెల్స్ నిశ్శబ్దం పెట్టాడు. రేడియోలో కొన్ని క్షణాల పాటు ఏమీ వినపడకపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు, చెయ్యి నాబ్ మీదకి పోతుంది.

పొలం రైతు విల్‌మత్ వేషం రే కాలిన్స్‌ది. ఆ రైతు మైకు ముందు ఎప్పుడూ మాట్లాడినవాడు కాదు, విలేకరి దగ్గరికి జరగమంటాడు, గట్టిగా చెప్పమంటాడు. కథకి ఇదేమీ అక్కర్లేదు. కాని ఆ తడబాటు విన్నాక అంగారకుడి నుంచి వచ్చారంటే నమ్మడానికి అడ్డేముంది? అదే కాలిన్స్ తర్వాత మేడ మీద నుంచి నగరం కూలిపోవడం చెప్పే ఆఖరి ప్రకటనకర్త. ఒకే మనిషి, రెండు దూరపు గొంతులు. మంత్రి వేషం కెన్నీ డెల్మార్‌ది. కాగితం మీద ఆ పాత్ర ఇంటీరియర్ శాఖ మంత్రి మాత్రమే, గొంతు మాత్రం రూజ్‌వెల్ట్ అధ్యక్షుడి గొంతే. పేరు చెప్పలేదు, చెప్పనవసరం లేకపోయింది. ఇన్ని వేషాల్లో అంగారకవాసుల వేషం ఎవరు వేశారు? ఎవరూ వేయలేదు. వాటికి మాటే లేదు.

మరి భూతం మాట్లాడాల్సిందే అనుకోండి, అప్పుడేం చేస్తారు అని మీరు అడగొచ్చు. సినిమా వాళ్ళు దీనికి రేడియో మనుషుల్నే వెతుక్కున్నారు. 1973లో 'ది ఎక్సార్సిస్ట్' సినిమాలో ఆ పిల్లలో దూరిన దుష్టశక్తి గొంతు మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్‌ది. రేడియోలో అంతటి నటి లేదని ఆర్సన్ వెల్సే ఆవిడని మెచ్చుకున్నాడు. ఆ గొంతు కోసం ఆవిడ పచ్చి గుడ్లు మింగింది, సిగరెట్లు కాల్చింది, కుర్చీకి కట్టించుకుని మాట్లాడింది. అంత చేస్తే మొదట తెర మీద పేరు వేయలేదు, పోట్లాడాక వేశారు. మన దగ్గర 2009లో 'అరుంధతి' వచ్చినప్పుడు పశుపతి వేషంలో కనిపించింది సోనూ సూద్ అయితే, వినిపించింది పి. రవిశంకర్. డబ్బింగ్ చెప్పిన మనిషికి ఆ పాత్ర మాటే ఇంటిపేరైపోయి బొమ్మాళి రవిశంకర్ అయ్యాడు. తెలుగులో గొంతుకి దక్కిన పెద్ద గౌరవాల్లో అదొకటని నా లెక్క. కాని అక్కడ తెర ఉంది, జుట్టు ఉంది, బూడిద ఉంది. అంత పెద్ద గొంతు కూర్చోవడానికి అంత పెద్ద ఒళ్ళుంది. శ్రవ్య నాటకంలో వినేవాడు అన్నం తింటూనో, బస్సులో కిటికీ పక్కన కూర్చునో వింటుంటాడు. అతని చెవిలో అంత గొంతు పెడితే భయపడడు, వాల్యూమ్ తగ్గిస్తాడు.

ఇంతకీ మా ఆడిషన్. చదవడానికి అరుపుల సన్నివేశం ఇవ్వం. ఆ నంబర్ల ప్రకటన ఇస్తాం, అందరికీ అదే. ఇంటి నంబరు, ఇంటి యజమాని పేరు, ఎన్ని బిందెలు. ఒక్క పేజీ. అంతకు మించి ఇవ్వం, పేజీ తిప్పితే మైకులో ఆకులు రాలినట్టు వినిపిస్తుంది. గాజులు తీసి రమ్మంటాం, పట్టుచీర వద్దంటాం, కొందరు నొచ్చుకుంటారు కూడా. ఒకసారి చదివాక, ఎలా చదివినా సరే, ఒక్క మాట చెప్పి మళ్ళీ చదవమంటాం: "మీకు జలుబు చేసింది, తొందరగా ఇంటికెళ్ళాలి." మొదటిసారి బాగా చదివి రెండోసారి కూడా అచ్చంగా అలాగే చదివే మనిషితో పని చేయడం కష్టం. మొదటిసారి ఓ మాదిరిగా చదివినా రెండోసారి మారిన మనిషి కావాలి.

అలా వచ్చినవాళ్ళలో ఒక రిటైరైన టీచరుగారు ఉన్నారు. నిజానికి ఆవిడ తన చెల్లెలికి తోడొచ్చారు. చెల్లెలు చదివాక, ఖాళీగా కూర్చున్నారు కదా అని కాగితం ఆవిడకీ ఇచ్చాం. కళ్ళజోడు సర్దుకుని నంబర్లు చదవడం మొదలుపెట్టారు. ఒక్కొక్క పేరు చదివి కొంచెం ఆగి, తర్వాతి పేరు. ఆ ఆగడం ఏమిటో రెండో పేరుకి తట్టింది నాకు. క్లాసులో హాజరు పిలిచి "ఎస్ టీచర్" కోసం ఆగినంత సేపు ఆగుతున్నారు. నాలుగో పేరు దగ్గర ఇంకాస్త ఎక్కువ ఆగారు. కాగితం మీంచి తల కూడా ఎత్తారు, వెనక బెంచీల వైపు చూసినట్టు. ఎవరూ పలకలేదు. పెన్ను పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఒక చిన్న గీత గీసింది. తర్వాతి పేరుకి వెళ్ళిపోయారు. కంట్రోల్ రూమ్‌లో మా ఇంజనీరు, ఎవరు చదివినా ఫోన్ చూసుకునే మనిషి, ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. ఆవిడకి కథ ఇంకా చెప్పనేలేదు. లౌడ్‌స్పీకర్ వేషం ఆవిడదే అయింది. చెల్లెలికి నీళ్ళు వదిలే మనిషి భార్య వేషం ఇచ్చాం, లేకపోతే ఇంట్లో గొడవలయ్యేవి.

యాస గురించి ఒక మాట చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. మన సినిమాల్లో చాన్నాళ్ళు ఒక అలవాటు నడిచింది. కత్తి పట్టినవాడు రాయలసీమ, నవ్వించేవాడు శ్రీకాకుళం, రౌడీ తెలంగాణ, హీరో మాత్రం ఎక్కడివాడో తెలియని తెలుగు. భవిష్యత్తు కథ రాసినా ఆ దురలవాటు వెంటే వస్తుంది. అరవై ఏళ్ళ తర్వాత ప్రపంచం మారిపోయింది, నదులు మాయమైపోయాయి, దుర్మార్గుడి యాస మాత్రం మారలేదు! మేం ఒక నియమం పెట్టుకున్నాం: ఎవరి యాస వాళ్ళది. వేషం కోసం ఇంకో ప్రాంతం యాస పెట్టుకుని రావద్దు. కృష్ణా జిల్లా మనిషి తెలంగాణ మాటలు ఎన్ని పెట్టి చదివినా, వాక్యం ఎక్కడ లేవాలో అక్కడ లేవదు. చూస్తుంటే కళ్ళు క్షమిస్తాయేమో, చెవి క్షమించదు. మా నాయనమ్మ వేషం చివరికి విజయనగరం ఆవిడకి వెళ్ళింది. గోదావరి ఒడ్డు ఊళ్ళో విజయనగరం నాయనమ్మ ఎందుకుందని రచయిత నసిగాడు. నీళ్ళు లేని కాలంలో జనం నీళ్ళున్న చోటికి రారా అన్నాను. ఆ ఒక్క కారణంతో ఆవిడ పాత్రకి ఒక పాత కథ కూడా వచ్చింది, రచయిత ఇప్పుడది తన ఆలోచనేనంటున్నాడు.

గొంతు ఎంతసేపు నిలబడుతుందన్నది ఇంకో లెక్క. 1943 మే 25న 'సస్పెన్స్' అనే ధారావాహికలో లూసిల్ ఫ్లెచర్ రాసిన 'సారీ, రాంగ్ నంబర్' వచ్చింది. మంచం మీదున్న ఒక స్త్రీ ఫోన్‌లో పొరపాటున ఒక హత్య గురించి వింటుంది. దాదాపు అరగంట ఆవిడ గొంతే. ఆగ్నెస్ మూర్‌హెడ్ దాన్ని విసుగుతో మొదలుపెడుతుంది, భయంతో కాదు. ఆపరేటర్ మీద చిరాకు, డాక్టర్ మీద ఫిర్యాదు. వినేవాడికి ఆవిడంటే కాస్త చిరాకు కూడా వస్తుంది. రావాలి. భయం ఆ చిరాకులోంచి కొంచెం కొంచెంగా పైకొస్తుంది. మొదటి నిమిషంలోనే వణికిపోతే ఇరవయ్యో నిమిషానికి గొంతులో ఏం మిగులుతుంది? 1948లో సినిమా తీసినప్పుడు వేషం బార్బరా స్టాన్‌విక్‌కి ఇచ్చారు. రేడియోలో మాత్రం మళ్ళీ మళ్ళీ మూర్‌హెడ్‌నే పిలిచారు. మేమూ అరుపులన్నీ రికార్డింగ్ ఆఖరి రోజుకి పెట్టుకున్నాం, ముందే అరిస్తే మర్నాడు మనిషికి గొంతుండదు.

ఈ మధ్య ఇంకొక సలహా వినిపిస్తోంది. లౌడ్‌స్పీకర్ గొంతే కదా, కంప్యూటర్ చేత చెప్పించేయొచ్చు కదా అని. యంత్రం వేషానికి యంత్రం, ఖర్చు తగ్గుతుంది. దీనికి జవాబు 1968లోనే ఉంది. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో హాల్ అనే కంప్యూటర్‌కి మొదట మార్టిన్ బాల్సమ్ గొంతు రికార్డు చేశారు. దర్శకుడు కుబ్రిక్‌కి అది మరీ అమెరికా మనిషిలా వినిపించింది. కెనడా రంగస్థల నటుడు డగ్లస్ రెయిన్‌ని పిలిచారు, అంతకు ముందు ఒక డాక్యుమెంటరీకి ఆయన చెప్పిన వ్యాఖ్యానం విని. రెయిన్ ఆ సినిమా చూడకుండా, తోటి నటుల్ని కలవకుండా, చెప్పులు విప్పి పాదాలు దిండు మీద పెట్టుకుని చదివాడట. ఒంట్లో బిగువు లేకపోతే గొంతులో బిగువుండదు. హంతకుడైన యంత్రం అంత హాయిగా, అంత మర్యాదగా మాట్లాడటం వల్లే ఇన్నేళ్ళయినా జనం దాన్ని మర్చిపోలేదు. ఆ హాయి మనిషి ఒంట్లోంచి వచ్చింది.

ఖర్చు సంగతి వేరే ఉంది. ఎవరి గొంతుతోనో నేర్పకుండా కంప్యూటర్‌కి గొంతు రాదు. అమెరికాలో వీడియో గేమ్‌లకి గొంతులిచ్చే నటీనటులు శాగ్-ఆఫ్ట్రా సంఘం తరఫున 2024 జులైలో సమ్మెకి దిగి, 2025 జూన్ దాకా సాగించారు. పెద్ద తగువు దీని మీదే, మా గొంతు అచ్చు తీసి మా అనుమతి లేకుండా వాడతారా అని. మా ఒప్పంద కాగితంలో మేమూ ఒక వాక్యం రాశాం. ఈ రికార్డింగు ఈ నాటకానికే. దీంతో ఏ యంత్రానికీ గొంతు నేర్పకూడదు. ఇంకెక్కడైనా వాడాలంటే మళ్ళీ అడగాలి, మళ్ళీ డబ్బివ్వాలి. టీచరుగారు దాన్ని పూర్తిగా చదివి, ఒక అక్షరదోషం దిద్ది, సంతకం పెట్టారు.

మనవడి వేషం ఒక్కటే మిగిలింది. ఎనిమిదేళ్ళ పిల్లాడు. పెద్దావిడ ఎవరైనా చిన్నపిల్లాడి గొంతు పెట్టి చెప్పడం డబ్బింగ్‌లో మామూలే, చక్కగా చెప్పేవాళ్ళున్నారు కూడా. కానీ నాయనమ్మ అంత నిజంగా మాట్లాడుతుంటే పక్కన పెట్టుడు గొంతు నిలవదు. నిజం పిల్లాడే కావాలి. అయితే వాడికి కథ మొత్తం చెప్పం. వాడి మాటలు విడిగా, పగటిపూట, తల్లో తండ్రో పక్కనుండగా రికార్డు చేస్తాం. నాయనమ్మ ఎక్కడికెళ్ళిందని అడిగే సన్నివేశంలో ఆవిడ నిజంగానే పక్క గదిలో కూర్చుని ఉంటారు, వాడికి కనపడేలా. బెదిరిన పిల్లాడి గొంతు అక్కర్లేదు మాకు, అడిగిందే అడిగి విసిగించే పిల్లాడి గొంతు కావాలి. తడుముకోకుండా చదవడం వస్తే చాలు. ముందు పళ్ళు ఊడి ఉంటే మరీ మంచిది.